ఉస్తాద్ పేరు చెప్పిన పాట: స్కా, రెగె ఆల్బమ్‌ల మీద నా రాయ్

బాబ్ మార్లీ పేరు వినని నౌజవాన్లు మనలో తక్కువ. ప్రిన్స్ బస్టర్ పేరు విన్నవాళ్లు మాత్రం నాకు ఇంతవరకు పెద్దగా తగల్లేదు. రెగె తారీఖ్‌లో ఇది నాఇన్సాఫీ అని నా ఖయాల్. ఒక ఆల్బమ్ బాగుందా లేదా అని అడిగే ముందు నేను ఇంకో సవాల్ అడుగుతాను: ఇది ఎవరి దగ్గర నేర్చుకుందో ఆ ఉస్తాద్ పేరు చెప్పిందా?

ముందు కొంచెం తారీఖ్. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో, 1950లలో, గరీబు బస్తీల నాచ్‌గానా అంటే సౌండ్ సిస్టమ్. వీధిలో పెద్దపెద్ద స్పీకర్లు పెట్టి అమెరికా రికార్డులు వేసేవాళ్లు. మన షాదీల్లో డీజే బాక్సుల్లాంటివే అనుకోండి. ఆ దశాబ్దం చివర్లో అమెరికా రాక్ అండ్ రోల్ వైపు మళ్లింది. బస్తీ జనం కోరే రికార్డులు కరువయ్యాయి. దాంతో సౌండ్ సిస్టమ్ మాలిక్‌లు తామే పాటలు రికార్డు చేయించారు. దెబ్బకూ దెబ్బకూ మధ్య గిటార్, పియానో టక్కుమని మోగితే అది స్కా. 1962 ఆగస్టు 6న ఆజాదీ వచ్చినప్పుడు జమైకా ఈ బాజాకే చిందులేసింది. 1966 ప్రాంతంలో చాల్ నెమ్మదించి రాక్‌స్టెడీ అయింది. 1968 నాటికి అదే రెగె.

ఆ మాలిక్‌లలో ఒకడు ప్రిన్స్ బస్టర్. అసలు పేరు సిసిల్ బస్టమెంటే క్యాంప్‌బెల్, 1938లో కింగ్‌స్టన్‌లోనే పుట్టాడు, పడుచుతనంలో బాక్సర్. తన సౌండ్ సిస్టమ్‌కు 'వాయిస్ ఆఫ్ ద పీపుల్' అని పేరు పెట్టాడు. అవామ్ ఆవాజ్ అన్నమాట. పేరు నిలబెట్టాడు కూడా. బడాలోగ్ హీనంగా చూసే రాస్తాఫారీల డోళ్లను స్టూడియోకి తెచ్చి, ఫోక్స్ బ్రదర్స్‌తో 'ఓ కరోలినా' పాడించాడు. 1964లో ఇంగ్లండ్‌లో ముహమ్మద్ అలీని కలిశాక నేషన్ ఆఫ్ ఇస్లాంలో చేరి, ముహమ్మద్ యూసుఫ్ అలీ అయ్యాడు.

పేరు చూసి వెనకేసుకు రావడం లేదు. 'టెన్ కమాండ్‌మెంట్స్'లో మగాడు భార్యకు జారీ చేసే హుకుంలు వింటే నాకు చిరాకే. ఇంట్లో పెట్టలేని బూతు పాటలూ ఉన్నాయి. అయినా 1963 నాటి 'ఐ ఫీల్ ద స్పిరిట్' వినండి. ఎవరి ఇజాజత్ అడగని ధీమా అందులో ఉంది.

ఆ ధీమాను తర్వాత లండన్ కంపెనీలు కొంచెం కోసేశాయి. వేలర్స్ 'క్యాచ్ ఎ ఫైర్' (1973) జమైకాలో రికార్డయింది. ఐలాండ్ కంపెనీ క్రిస్ బ్లాక్‌వెల్ రాక్ వినే తెల్లవాళ్ల కోసం లండన్‌లో గిటార్, కీబోర్డులు అదనంగా చేర్పించాడు. మార్లీ రజామందీతోనే జరిగింది. దాంతోనే దునియాకు రెగె చేరిన మాటా నిజమే. కానీ 2001లో జమైకా మిక్స్ కూడా బయటికొచ్చింది. రెండూ విని చెబుతున్నా, నా ఓటు దానికే. బర్నింగ్ స్పియర్ 'మార్కస్ గార్వీ' (1975) కూడా ఐలాండ్‌లో మిక్స్ మారి వచ్చింది. పాడినవాడికే అది నచ్చలేదు.

1979లో ఇంగ్లండ్ పిల్లలు స్కాను మళ్లీ లేపారు. నేషనల్ ఫ్రంట్ వీధుల్లో నఫ్రత్ నూరిపోస్తున్న రోజులవి. కోవెంట్రీలో నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి 'ద స్పెషల్స్' అయ్యారు. వాళ్ల మొదటి ఆల్బమ్‌లో బస్టర్ పాట 'టూ హాట్' ఉంది. డాండీ లివింగ్‌స్టన్ పాట 'ఎ మెసేజ్ టు యూ, రూడీ' కూడా పాడారు. 1967 అసలు రికార్డులో ట్రాంబోన్ ఊదిన జమైకా ఉస్తాద్ రికో రోడ్రిగెజ్‌నే పిలిచి మళ్లీ ఊదించారు. శాగిర్ద్‌ల పక్కన ఉస్తాద్ నిలబడి వాయించిన పాట అది. అందుకే నా లెక్కలో స్కా ఆల్బమ్‌లలో దానిదే అవ్వల్ జాగా.

మాడ్‌నెస్ అనే లండన్ బృందం పేరే బస్టర్ పాట నుంచి తీసుకున్నది. వాళ్ల మొదటి సింగిల్ 'ద ప్రిన్స్' ఆయనకు సలాం. 'వన్ స్టెప్ బియాండ్' (1979) ఆల్బమ్ టైటిల్ పాటా ఆయనదే. స్పెషల్స్ అంత లోతు లేకపోయినా, అదబ్ ఉంది. అందుకే నాకు ఇష్టం.

మన హిందుస్తానీ గవయ్యలు ఉస్తాద్ పేరు పలికేటప్పుడు చెవి ముట్టుకుంటారు. కోవెంట్రీ కుర్రాళ్లు తమ పద్ధతిలో అదే చేశారు. నల్లవాళ్లను వెళ్లిపొమ్మంటున్న దేశంలో, ఈ బాజా వాళ్లిచ్చిందేనని స్టేజీ ఎక్కి చెప్పడం చిన్న విషయం కాదు.

బస్టర్ 2016 సెప్టెంబర్‌లో మయామీలో పోయాడు. మీ ఇంట్లో పిల్లలెవరైనా మార్లీ పాట పెడితే, ఆపకండి. తర్వాతి పాటగా బస్టర్‌ది పెట్టండి, ఆయనెవరో కూడా చెప్పండి.