ఉప్పల్ రింగు రోడ్డు: పైన నడక, కింద బండి

ఈ ఎపిసోడ్‌లో ఉప్పల్ చౌరస్తా సంగతి మాట్లాడుకుందాం.

రామంతాపూర్ మీదుగా వరంగల్ పోయే రోడ్డు, నాగోల్ నుంచి హబ్సిగూడ వైపు పోయే ఇన్నర్ రింగు రోడ్డు ఇక్కడే కలుస్తాయి. దగ్గర్లోనే ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడలు. షిఫ్టు వదిలితే రోడ్డంతా టూవీలర్లు, బస్సు కోసం ఉరికేవాళ్ళు.

2017 నవంబరులో మెట్రో వచ్చింది. నడిచి దాటడానికి 660 మీటర్ల స్కైవాక్ మాత్రం 2023 జూన్‌లో గానీ తెరవలేదు. అంటే ఐదున్నరేళ్ళు ట్రాఫిక్ మధ్యలోంచే దాటారన్నమాట. నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలై ఏళ్ళకేళ్ళు సాగింది. ఆ పిల్లర్ల పక్కన గుంతలూ దుమ్మూ భరించింది ఎక్కువగా బైకులవాళ్ళే.

1988 మోటారు వాహనాల చట్టం, 129వ సెక్షన్, వెనక కూర్చున్నవాళ్ళకీ హెల్మెట్ ఉండాలంది. 2019 సవరణ జరిమానాను వెయ్యి రూపాయలు చేసింది. మంచిదే. కానీ హెల్మెట్ తలను కాపాడుతుంది గానీ గుంతను పూడ్చదు కదా!

నేననేది ఒక్కటే. చదునైన సైడు దారి, రాత్రి లైట్లు, దాటే చోటు... ఇవి పని అయిపోయాక ఇచ్చేవి కావు, తవ్వకం మొదలైన రోజే ఇవ్వాల్సినవి. ఉంటానండీ.