బోరోబుదూర్: సుధనుడు నడిచిన దారి

ఇండోనేసియాలోని మధ్య జావాలో బోరోబుదూర్ స్తూపం ఎక్కాలంటే మన చెప్పులు కిందే విప్పేసి, వాళ్లిచ్చే అల్లిక చెప్పులు తొడుక్కోవాలి. వాటి పేరు ‘ఉపానత్’. మన నిఘంటువుల్లో ‘ఉపానహం’ అని కనిపించే మాటే అది. నమూనాను కూడా ఆ స్తూపం మీది శిల్పాల్లోంచే తీసుకున్నారు. ఏళ్ల తరబడి యాత్రికుల పాదాల రాపిడికి రాతిమెట్లు అరిగిపోతుంటే, వాటిని కాపాడుకోవడానికి చేసిన ఏర్పాటు ఇది. 2023లో పైకెక్కేవాళ్లను రోజుకు 1,200 మందికే పరిమితం చేశారు.

అసలు బోరోబుదూర్‌ను కట్టిందే నడవడానికి. అందులో గర్భగుడి లేదు. ఒక గుట్టకు నల్లరాతి తొడుగు వేసినట్టు, 8-9 శతాబ్దాల్లో శైలేంద్ర రాజుల కాలంలో కట్టారు. కింద చదరపు అంతస్తులు, పైన మూడు గుండ్రటి వేదికలు. ఆ వేదికల మీద వరుసగా 32, 24, 16 చొప్పున 72 జల్లెడ స్తూపాలు, ఒక్కో దానిలో ఒక బుద్ధుడు. నడిమధ్యన పెద్ద స్తూపం. తూర్పు మెట్ల నుంచి ఎడమకు తిరిగి ప్రదక్షిణగా నడుస్తూ పోతే, 1,300 శిల్ప ఫలకాల్లో బుద్ధుడి జీవితం, జాతకాల వంటి కథలు ఒక్కొక్కటే ఎదురవుతాయి.

రాజ్యాధికారం తూర్పు జావాకు తరలిపోయాక స్తూపం ఆదరణ కోల్పోయింది. అగ్నిపర్వతాల బూడిద, మట్టి, అడవి కలిసి దాన్ని కప్పేశాయి. 1814లో జావాను ఏలుతున్న బ్రిటిష్ అధికారి రాఫెల్స్ దీని సంగతి విని, డచ్ ఇంజినీరు కోర్నేలియస్‌ను పంపించాడు. ఆయన 200 మందితో చెట్లు కొట్టించి, మట్టి తీయించాడు.

అప్పటికీ ఒక అంతస్తు కంటికి దొరకలేదు. 1885లో ఐజర్‌మన్ అనే ఆయన పునాది చుట్టూ ఉన్న రాతి కట్టు వెనక మరో వరుస శిల్పాలు ఉన్నట్టు కనిపెట్టాడు. కర్మలనూ వాటి ఫలాలనూ చూపే 160 ఫలకాలవి. బరువుకు కట్టడం జారిపోకుండా ఆ కట్టు కట్టారన్నది ఎక్కువమంది చెప్పే కారణం. అలా మూసేయడం వల్లే ఒక అపురూపమైన జాడ మిగిలింది. కొన్ని ఫలకాల పైన, ఏం చెక్కాలో శిల్పికి చెప్పే చిన్న చిన్న మాటలున్నాయి. ఒకచోట ‘విరూప’ అని ఉంటుంది, దాని కింద వికారమైన ముఖాలు. ఇంకోచోట ‘స్వర్గ’. వెయ్యేళ్ల కిందట జావా శిల్పి చదువుకున్న మాట, తెలుగువాడికి ఈనాటికీ అర్థం చెప్పనక్కర్లేని మాట! ఆ ఫలకాలను ఫొటోలు తీసి మళ్లీ మూసేశారు. ఇప్పుడు ఆగ్నేయ మూలన కొన్ని మాత్రం చూడవచ్చు.

వాన నీరు లోపలికి దిగి గోడలు ఒరుగుతుంటే 1907-11 మధ్య వాన్ ఎర్ప్ అనే ఆయన పైవేదికలను సరిచేశాడు. అదీ చాల్లేదు. 1970ల్లో యునెస్కో సాయంతో పది లక్షలకు పైగా రాళ్లను విప్పి, లోపల నీటి కాలువలు వేసి, ఏ రాయిని ఆ రాయి చోటే పేర్చారు. 1983కు ఆ పని పూర్తయింది. 1991లో స్తూపం ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

చాలామంది నేరుగా పైకెక్కి, స్తూపాల దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తారు. మనం మాత్రం రెండో వరండాలో ఆగాలి. గండవ్యూహ సూత్రమనే బౌద్ధ గ్రంథంలోని సుధనుడి కథ అక్కడే మొదలై పైదాకా 460 ఫలకాల్లో సాగుతుంది. జ్ఞానం కోసం ఇల్లు విడిచిన యువకుడతను. భిక్షువును, నావికుణ్ణి, సుగంధాలమ్మేవాణ్ణి, ఇసుకలో ఆడుకునే పిల్లవాణ్ణి, వేశ్యను కూడా గురువుగా ఎంచి, ఫలకం తర్వాత ఫలకంలో చేతులు జోడించి కనిపిస్తాడు. గ్రంథం ప్రకారం అతని ఊరు దక్షిణాదిలోని ధాన్యాకరం. అది మన అమరావతి పక్కనున్న ధాన్యకటకమేనని కొందరు పండితుల అభిప్రాయం.

అదే నిజమైతే, సముద్రం దాటి వెళ్లిన మనకంటే పన్నెండు వందల ఏళ్ల ముందే మన కృష్ణాతీరపు బాటసారి ఒకడు ఆ గోడల మీద నడుస్తున్నట్టే. వీలున్నంత మేర అతని వెంట నడవండి. ఎవరి దగ్గరైనా నేర్చుకోవడానికి చేతులు జోడించే ఆ వినయమే యాత్రికుడికి అసలైన ఉపానత్.