యంత్రమునకు జ్ఞాపకమెచ్చట?

1966 మొదలు 1972 వరకు కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనాసంస్థ యందు చక్రములపై నొక పొడుగాటి యంత్రము సంచరించుచుండెడిది. దానికి టెలివిజన్ కెమెరాయు, దూరమును కొలుచు సాధనమును, తాకిడిని గుర్తించు తీగలును గలవు. కదలునపుడు ఒడలెల్ల వణకుచుండుటచే దానికి ‘షేకీ’ యని పేరు పెట్టిరి. దేహము ఒక గదిలో నుండగా బుద్ధి వేరొకచోట పెద్ద కంప్యూటరు నందుండెను. కన్ను చూచినది రేడియో ద్వారమున అచ్చటికి పోయి, పరిసరములనుగూర్చిన తర్కవాక్యములుగా లిఖింపబడి, ఆ లిఖితమును బట్టి యోచన సాగి, తుదకు ఆజ్ఞ మరల రేడియో ద్వారముననే చక్రములకు చేరవలసి యుండెను. యంత్ర మెరిగిన జగత్తంతయు ఒక్కచోట, ఒక్క చిట్టాలో నున్నట్లుండెడి యీ పద్ధతి ఆనాటి విద్వాంసులకు సహజముగనే తోచెను. ఆ చిట్టాను విడదీసి ఏ కాగితము నెవరి చేతి కీయవలెనో, ఇచ్చిన పిమ్మట లెక్కల నెట్లు సరిచూచుకొనవలెనో యను చింతతోనే తరువాతి రోబోల చరిత్రములో అధికభాగము గడచినదని నా యభిప్రాయము.

ఒక్కచోటి పద్ధతికి చెల్లించవలసిన వెల 1979లో తేటపడెను. ఆ యేట హాన్స్ మొరావెక్ నడిపిన ‘స్టాన్‌ఫర్డ్ బండి’ కుర్చీలు పరచిన గదిని ఒంటరిగా దాటుటకు సుమారు 5 గంటలు పట్టెను. ఒక్క మీటరు జరుగుట, నిలుచుట, 10, 15 నిమిషములు చిత్రములను పరిశీలించుట, మరల ఒక్క మీటరు జరుగుట! ఈ నడుమ నెవరైనను ఒక కుర్చీని పక్కకు లాగిరేని, బండి మనసులోని గది వేరు, కట్టెదుట నున్న గది వేరు.

అదే దశాబ్దమున పిట్స్‌బర్గు నగరమందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున, నడచు యంత్రములతో నేమియు సంబంధము లేని పనిలో, వేరొక మార్గము గోచరించెను. చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించిన రాజ్ రెడ్డిగారును, వారి సహచరులును మానవుని వాక్కును గుర్తించు ‘హియర్సే-2’ అను కార్యక్రమమును నిర్మించుచుండిరి. అందు ధ్వనుల నెరిగిన భాగమొకటి, పదముల నెరిగిన భాగమొకటి, వాక్యనిర్మాణము నెరిగిన భాగమొకటి, దేని కది స్వతంత్రము. ఒకటి మరియొకదానిని పిలువదు, శాసింపదు. అన్నియు ఒకే నల్లబల్లపై తమతమ యూహలను వ్రాసి, అన్యుల యూహను చూచి, సరిపడిన బలపరచును, సరిపడనిచో పక్కకు నెట్టును. ‘హియర్సే’ యనగా తెలుగున వినికిడి మాట; ముందు రాబోవు పెద్ద చిక్కును ఆ పేరే శకునముగా పలికినదా యని నే నప్పుడప్పుడు నవ్వుకొందును. 1979లో స్థాపితమైన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి సంచాలకులైనవారును, 1994లో ట్యూరింగ్ బహుమానమును పంచుకొన్నవారును ఈ రెడ్డిగారే. నల్లబల్లను రచించినవారిలో నొకడైన విక్టర్ లెసర్ పిమ్మట మసాచుసెట్స్ చేరి, ఆ బల్లనే తుంపులు గావించి, వాహనముల జాడ గనిపెట్టు వేర్వేరు కేంద్రముల కొక్కొక్క తుంపు నిచ్చి చూచెను. వక్తలు పలువురైనను బల్ల యొక్కటియే యను నియమ మట్లు సడలినది.

మొరావెక్ ప్రయోగములను దాపున నుండి చూచిన రాడ్నీ బ్రూక్స్ అంత నెమ్మదిగా సంస్కరింపదలచినవాడు కాడు. ఎం.ఐ.టి.లో చేరిన పిదప 1986లో వెలువరించిన వ్యాసమున అతడు చిట్టానే వలదనెను. అతని యారు కాళ్ళ పురుగువంటి రోబో ‘జెంఘిస్’ యందు 57 చిన్న యంత్రాంగములు కలవు. ఇది కాలెత్తునది, ఇది తాకిడి నెరుగునది, ఇది ముందునకు త్రోయునది. వీనిలో దేనికిని పురుగు నడుచుచున్నదన్న తెలివిడి లేదు. అయినను పురుగు నడచెను. జగత్తే యెదుట నుండగా దాని పటమును మోయనేల యన్న యీ వాదము మనోహరమే గాని, తాను చూడని గదిలో నేమున్నదో చెప్పజాలదు. నిన్న చూచినదియు చెప్పజాలదు. జ్ఞాపకభారమును దించుకొన్నవాడు వేగముగా నడచును, దూరము పోలేడు.

ఈ రెండు కొసలకు నడుమ ఆక్స్‌ఫర్డులో జరిగిన పని ప్రజలలో అంతగా ప్రసిద్ధి కెక్కలేదు. 1980వ దశకాంతమున అచ్చట హ్యూ డరెంట్-వైట్ అను ఇంజనీరు, ఆయన శిష్యులును ఒక కఠినమైన ప్రతిజ్ఞ బూనిరి: దత్తాంశములను కలుపు కేంద్ర మెచ్చటను ఉండరాదు, అందరును మాటాడు ఒకే మార్గము ఉండరాదు, ఏ ఘటకమునకును వ్యవస్థ యెంత పెద్దదో, ఎట్లల్లుకొన్నదో తెలియరాదు. తన పొరుగువాడు తప్ప మరెవ్వడును తెలియని యీ యంత్రములు చివర కందరును ఒకే నిశ్చయమునకు రావలెను! దీనికి తోడ్పడినది 1960లో రుడాల్ఫ్ కాల్మన్ చెప్పిన గణనవిధానమే. దోషములతో గూడిన కొలతలనుండి వస్తువు యథార్థస్థానమును అంచనాకట్టు ఆ విధానమును కొంచెము తిప్పి వ్రాసినచో, ప్రతి సాక్షి చెప్పినదియు కేవలము కూడికగా మారును. కెమెరా చెప్పిన దొక రాశి, సోనార్ చెప్పిన దొక రాశి. కూడిన చాలును, ఏ వరుసలో కూడినను భేదము లేదు. కేంద్రము చేయు పనిని ప్రతివాడును తన యింటనే చేసికొనవచ్చును.

కాని కూడికలోనే చిక్కున్నది. నేను నీతో చెప్పితిని. నీవు మూడవవానితో చెప్పితివి. వాడు తిరిగివచ్చి నాతో చెప్పెను. నా మాటనే నేను రెండవ సాక్ష్యముగా గైకొని, ఇద్దరు చెప్పినారు గదా యని నిబ్బరపడుదును. ఆ నోట ఈ నోట పడి చిలవలు పలవలు వేయు పుకారువంటిదే ఇది. కాకున్న పుకారు పెరుగుకొలది మాట మారును, ఇచ్చట మాట మారదు, దానిపై నమ్మకము మాత్రము అకారణముగా పెరుగును. మన గ్రామకరణముల కాలమున ఏటేట జమాబందికి లెక్కలు తెచ్చి యొప్పగించునపుడు ఒకే పుట్టి ధాన్యము రెండు గ్రామముల చిట్టాలలో నెక్కినచో ఏమగునో, రోబోలకును అదియే యగును. లెక్క తగ్గినవాడు జాగ్రత్తపడును. లెక్క పెరిగినవాడు ధీమాతో పోయి గోడకు కొట్టుకొనును. ప్రతి మార్గమున నింతవరకు ఉభయులకు తెలిసినదేదో వ్రాసియుంచుకొని, దానిని తీసివేసి క్రొత్తదానినే కలుపుట ఒక నివారణోపాయము. కొమ్మలు మరల కలియని చెట్టువంటి యల్లికలో నిది చక్కగా సాగును. అల్లికలో చుట్లున్నచో సాగదు. 1997లో సైమన్ జూలియర్, జెఫ్రీ ఊల్మన్ మరొక త్రోవ చూపిరి: రెండు వార్తలకు లోపల సంబంధ మెంత కలదో తెలియనపుడు, ఎంత యున్నను మోసపోకుండ, వెనుకంజతో కలుపుట. కొంత జ్ఞానమును వదలుకొనినచో మిథ్యాధైర్యము పోవునని వారు లెక్కలతో రుజువు చేసిరి. ఈ శాస్త్రమున నాకు మిక్కిలి నచ్చిన భాగ మిదియే.

విద్వాంసు లిట్లు తర్కించుచుండగా యంత్రముల కడుపులో వికేంద్రీకరణము చడిచప్పుడు లేక ప్రవేశించెను. 1986లో బాష్ సంస్థ ప్రకటించిన ‘క్యాన్ బస్’ అను సందేశపద్ధతి మోటారుకారు తీగపై అధిపతి లేకుండ జేసినది. ఇద్దరొకేసారి నోరు విప్పినచో చిన్న సంఖ్య గల సందేశము సాగును, పెద్దది తనంత తాను మౌనము వహించును. 2007లో విల్లో గరాజ్ సంస్థ మొదలిడిన ఆర్.ఓ.ఎస్. అను రోబో సాఫ్ట్‌వేరు నందు భాగములన్నియు నేరుగా మాటాడుకొనినను, పరస్పరము చిరునామా తెలిసికొనుటకు ‘మాస్టర్’ అనువాని నడుగవలెను. 2017 డిసెంబరున వెలువడిన రెండవ తరములో ఆ మాస్టరును తీసివైచిరి. హార్వర్డున రాధికా నాగ్‌పాల్ బృందము 2014లో 1,024 ‘కిలోబాట్’ అను చిన్న రోబోలను, అంగుళమునకు కొంచెము మించిన వెడల్పు గల వానిని, బల్లపై విడిచి, పొరుగువారి దూరమును మాత్రమే కొలువగల యా గుంపుచేత నక్షత్రాకృతిని కట్టించెను. గంటల తరబడి సాగిన ఆ వ్యూహరచనలో తానెచ్చట నున్నదో ఏ కిలోబాట్‌కును ఎవరును పైనుండి చెప్పలేదు.

ఐనను కేంద్రము ఓడిపోయినదని భ్రమింపరాదు. 2010 నుండి 2014 వరకు ఐరోపాలో నడచిన ‘రోబో ఎర్త్’ ప్రయత్నము ఒక రోబో నేర్చినదానిని తక్కినవి అంతర్జాలమునుండి దింపుకొనునట్లు చేయబూనెను. 2016లో గూగుల్ పరిశోధకులు 14 వరకు యంత్రహస్తములచే 8 లక్షలసార్లు వస్తువులను పట్టించి, ఆ యనుభవమంతయు నొక్క కృత్రిమ నాడీజాలమునకే నేర్పిరి. 2023లో 21 సంస్థలు, 22 రకముల రోబోలు గడించిన 10 లక్షలకు పైబడిన చేష్టాక్రమముల నొక్క భాండారమున చేర్చిరి. నేర్చుకొనుటకు రాశి కావలెను. రాశి యొకచోట చేరిననే రాశి. అయితే గృహమునందును, ఆసుపత్రియందును తిరుగు యంత్రము చూచిన దంతయు బయటికి పంపదగునా? 2016లో గూగులే ప్రతిపాదించిన సమాఖ్యాభ్యాసము దీనికి మధ్యేమార్గము: దత్తాంశము పుట్టినచోటనే యుండును, దానినుండి గ్రహించిన పాఠము మాత్రమే ప్రయాణించును. చేతిఫోనులకై పుట్టిన యీ యుపాయమును నేడు రోబోలకును అన్వయించుచున్నారు.

ఇక, తీగయు రేడియోయు రెండును లేనిచోట నేమగును? అమెరికా రక్షణశాఖవారి పరిశోధనాసంస్థ దార్పా 2018 నుండి 2021 వరకు భూగర్భములో రోబోల పోటీ నడిపెను. గనులు, పూర్తికాని అణువిద్యుత్కేంద్రము, తుదకు కెంటకీ రాష్ట్రమున లూయీవిల్ నగరము క్రింది మహాగుహ. సొరంగమున రెండు మలుపులు తిరుగగానే రేడియో చచ్చును. అందువలన రోబోలు పోవుచు పోవుచు చిన్న ప్రసారకములను దారిపొడవున జారవిడిచినవి. అవియు అందనిచోట తన పటమును తానే గీసికొని, తోడిది యెదురైనపుడు పటములు మార్చుకొన్నవి. ఒక వస్తువును కనుగొన్న మాత్రమున ఫలము లేదు; అది యున్న చోటు 5 మీటర్ల లోపు సరిగా, గడువు ముగియకముందే, ద్వారమువద్దనున్న మనుష్యునకు చేరిననే యంకము. కనుక లోతున నొంటరియైన యంత్రము ఇంకను ముందునకు పోవుటయా, చూచినది చెప్పుటకు వెనుకకు వచ్చుటయా యని తానే తేల్చుకొనవలసి వచ్చెను. తుది పోటీలో దాచిన 40 వస్తువులకు గాను ‘సెర్బెరస్’ జట్టును, ఆస్ట్రేలియా నుండి వచ్చిన సి.ఎస్.ఐ.ఆర్.ఓ. జట్టును సమముగా 23 అంకములు గడించెను. చివరి యంకమును ముందుగా చేర్చినది సెర్బెరస్ కనుక ప్రథమబహుమానము దానికి దక్కినది.