ఇరవై ఆరు తుపాకులు, రెండున్నర వేల తూటాలు

వేసవిలో రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్ళినవాళ్ళు ఈ దృశ్యం చూసే ఉంటారు. రోడ్డుకి అడ్డంగా ఒక తాడు. తాడుకి అటొకరు, ఇటొకరు ఆడవాళ్ళు. కారు ఆగగానే పాట, నవ్వులు, "పండగ డబ్బులివ్వండి" అని చెయ్యి చాపడం. భూమి పండుగ రోజులవి. మగవాళ్ళు అడవికి వేటకెళితే ఆడవాళ్ళు రోడ్డు మీద వసూళ్ళు చేస్తారు. పాడేరు, అరకు వైపు దీన్నే ఇటుకల పండుగ అంటారు. వేటకెళ్ళినవాళ్ళు వట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఆట పట్టించే ఊళ్ళు కూడా ఉన్నాయి.

అలాగే ఒకసారి మా కారు ఆగింది. మావారు చిల్లర వెతుకుతుంటే, వెనక సీట్లోంచి మా చిన్నాడు అడిగాడు. "అమ్మా, అల్లూరి సీతారామరాజుది ఇక్కడేగా? ఆయనకి తుపాకులెక్కడివి? షాపులో కొన్నాడా?"

నాకు సమాధానం తెలియలేదు. పోలీసుస్టేషన్ల మీద దాడి చేశారని అందరికీ తెలిసిందే. కానీ ఎన్ని దొరికాయి? తూటాలు అయిపోతే ఏం చేశారు? ఇల్లు నడిపే మనిషిని కదా, నాకు రెండో ప్రశ్నే ఎక్కువ పట్టుకుంది. ఇంటికొచ్చాక చదువుతూ కూర్చున్నాను.

ముందు అడవి మనిషికి అప్పట్లో ఎలాంటి తుపాకీ ఉండేదో చూద్దాం. అది నాటు తుపాకీ. గొట్టం మూతిలోంచి మందు పోసి, పీచో గుడ్డో కుక్కి, సీసపు గుళ్ళు వేసి, గజంతో దట్టించాలి. ఒకసారి పేలాక మళ్ళీ ఈ తతంగమంతా మొదటినుంచీ చెయ్యాలి. వానలో మందు తడిస్తే అది కర్రతో సమానం. కానీ దానికో గొప్ప గుణం ఉంది. దాని తిండి ఊళ్ళోనే దొరుకుతుంది. సురేకారం, గంధకం, బొగ్గు, కాస్త సీసం. పొలం మీద పడే అడవిపందికి అది చాలు.

పోలీసుల తుపాకీ అలా కాదు. వెనకనుంచి తూటా పెట్టి కాల్చేది. దూరం పోతుంది, గురి తప్పదు, వానకి భయపడదు. కానీ దాని కొలత తూటా తప్ప ఇంకోటి దానికి పట్టదు. మన కుక్కరుకి వేరే కంపెనీ రబ్బరు పట్టనట్టే. ఆ తూటా ప్రభుత్వం దగ్గర తప్ప ఏ సంతలోనూ దొరకదు.

కొనుక్కునే దారీ మూసుకుపోయింది. వైస్రాయి లిట్టన్ కాలంలో, 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడు తుపాకీ పట్టాలంటే లైసెన్సు కావాలి. తెల్లవాడికి అక్కర్లేదు. నాలుగేళ్ళు తిరక్కుండానే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడు సేద్యానికి అడ్డుపడింది. రంపలో జీలుగు కల్లు మీద చిగురు పన్ను అప్పటికే ఒక తిరుగుబాటు తెచ్చింది, 1879లో. అంటే పంట, కల్లు, వేట ఒకదాని తర్వాత ఒకటి చేతిలోంచి పోయాయి. ఆ పైన నర్సీపట్నం నుంచి లంబసింగి రోడ్డు పనిలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలీల్ని పెట్టిన బాధ. గాం గంటందొర, మల్లుదొర అన్నదమ్ములు రాజుగారి వెంట నడవడానికి కారణాలు వెతుక్కోవాల్సిన పని లేదు.

ఇక 1922 ఆగస్టు. 22న చింతపల్లి స్టేషన్. సుమారు మూడు వందల మంది వెళ్ళారు. 11 తుపాకులు, 1390 తూటాలు దొరికాయి. 23న కృష్ణదేవిపేట, 7 తుపాకులు. 24న రాజవొమ్మంగి, 8 తుపాకులు, 825 తూటాలు. మూడు రోజులు, మూడు స్టేషన్లు, మొత్తం 26 తుపాకులు, దాదాపు 2500 తూటాలు. తీసుకెళ్ళిన వాటి జాబితా స్టేషను పుస్తకంలో రాసి రాజుగారు సంతకం కూడా పెట్టారట. బియ్యం అప్పు తెచ్చుకుని చీటీ రాసిచ్చినట్టు!

ఇక్కడ నేను పెన్ను తీసుకుని భాగారం చేశాను. 2500ని 26తో భాగిస్తే తుపాకీకి 96. వినడానికి బాగానే ఉంది. కానీ ఎదుటివాడు వందల మంది, వాళ్ళ తూటాలు అయిపోతే వెనకనుంచి బండ్లలో వస్తాయి. వీళ్ళకి వెనక అడవి తప్ప ఏమీ లేదు. గురి నేర్చుకోవడానికి కాల్చినా ఆ 96లోంచే పోవాలి. నెల మొదట్లో డబ్బా నిండా బియ్యం చూసుకుని ఇరవయ్యో తారీఖు గురించి ఆలోచించే అలవాటు మనది. నాకు ఆ లెక్క చూడగానే గుండె కలుక్కుమంది. తుపాకీ తెచ్చుకోవడం ఒక్క పూట పని. దానికి తిండి పెట్టడం సంసారం.

పొదుపుగానే నడిపారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో పొంచి ఉండి, ముందు నడుస్తున్న భారతీయ సిపాయిల్ని పోనిచ్చి, తెల్ల అధికారులు స్కాట్ కవర్డు, హైటర్లను మాత్రం కాల్చారు. మనవాళ్ళని చంపకూడదన్నది రాజుగారి నియమం. ఆ నియమం వల్ల తూటా కూడా మిగిలి ఉంటుందని నాకనిపిస్తుంది.

కానీ ప్రభుత్వానికీ లెక్క అర్థమైంది. అక్టోబరు 15న అడ్డతీగల స్టేషనుకి వెళ్ళేసరికి ఆయుధాలు ముందే దాచేసి ఉన్నాయి. నాలుగు రోజులకి రంపచోడవరంలోనూ ఆగస్టు నాటి పంట పండలేదు. డిసెంబరు 6న పెదగడ్డపాలెం దగ్గర ఎదురుదెబ్బ. మనుషులు పోయారు, కష్టపడి కూడబెట్టిన ఆయుధాల్లో కొన్ని పోయాయి. ఆ తర్వాత నెలల తరబడి అలికిడి లేదు. 1923 ఏప్రిల్లో రాజుగారు మళ్ళీ కనిపించింది మన అన్నవరంలో. జనం భక్తితో దణ్ణాలు పెట్టారు. భక్తికి లోటు లేదు, లోటంతా తూటాలకే.

ఆ సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డాడు. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దిగింది. మే 7న కొయ్యూరు దగ్గర రాజుగారిని పట్టుకుని కాల్చేశారు. ఆయనకప్పటికి ఇంకా 27 నిండలేదు. జూన్‌లో గంటందొర. మల్లుదొరకి మరణశిక్ష పడి, అది అండమాన్ శిక్షగా మారింది. 1952లో ఆయనే విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యారు.

ఇదంతా చదివాక నా ఆలోచన రాజమండ్రి మీదకి పోయింది. రాజుగారి నాన్న వెంకటరామరాజుగారు రాజమండ్రిలో ఫొటోగ్రాఫరు. 1908 గోదావరి పుష్కరాలప్పుడు కలరా వచ్చి పోయారు. పెద్దకొడుక్కి అప్పుడు పదకొండేళ్ళు. సూర్యనారాయణమ్మగారు ముగ్గురు పిల్లల్ని వెంటబెట్టుకుని చుట్టాల ఇళ్ళలో నెట్టుకొచ్చారు. పదహారేళ్ళకి ఆ కొడుకు కూడా పోయాడు. మోగల్లు, నర్సాపురం, భీమవరం వైపు మనమంతా ఆయన విగ్రహాలకి దండలేస్తాం. ఆవిడ రోజులెలా గడిచాయో అడిగినవాళ్ళు నాకైతే కనిపించలేదు.

మా చిన్నాడికి మొత్తం చెప్పాను. వాడు సినిమాలో తూటాలు అయిపోవడం చూడలేదు కాబట్టి మొదట నమ్మలేదు. తర్వాత వాడే కాగితం తెచ్చుకుని 2500ని 26తో భాగించి, "యుద్ధానికి ఇవి సరిపోవమ్మా. వాళ్ళకి తెలీదా?" అన్నాడు.

"తెలిసే ఉంటుంది నాన్నా" అన్నాను.

ఇప్పుడు అడవిలో వేట నేరం, 1972 నాటి వన్యప్రాణుల చట్టం ప్రకారం. పంట కాపాడుకోవడానికి నాటు తుపాకీ కావాలన్నా లైసెన్సు ఉండాలి. భూమి పండుగకి తాడు మాత్రం ఇంకా కడుతున్నారు. ఈసారి వెళితే చిల్లర ముందే తీసి పెట్టుకోవాలని, కారు దిగి ఆవిడతో కాసేపు మాట్లాడాలని అనుకున్నాను. మీరు వెళ్ళినా హారను మాత్రం కొట్టకండి.