తట్టు, కంటి పువ్వు, మన బిడ్డలు

శతవార్షిక సంచికలో ఆలయాల చరిత్ర, గనుల చరిత్ర వ్రాసేవారు ఎందరో ఉన్నారు. మేము మాత్రం మన ఇళ్ళలోని పసిబిడ్డల చరిత్రలో ఒక చిన్న అధ్యాయాన్ని జ్ఞాపకం చేయదలచాము.

రామగుండం ప్రాంతంలో సింగరేణి గనులు తెరుచుకొన్నది 1960 ప్రాంతంలో. ఇల్లెందు, కొత్తగూడెం, బెల్లంపల్లి గనులను ఎరిగిన కుటుంబాలు కొన్ని, చుట్టుపట్ల పల్లెలనుండి వచ్చినవి అనేకం, గోదావరిఖనిలో గుడిసెలలోను, క్వార్టర్లలోను స్థిరపడ్డాయి. ఇళ్ళు దగ్గర దగ్గర. ఎండలు ముదరకముందే ఒక ఇంట తట్టు పోసిందంటే వరుసంతా తిరిగేది.

పెద్దలు దానిని అమ్మవారు అనేవారు. బిడ్డను చీకటి గదిలో పడుకోబెట్టి, గుమ్మానికి వేపమండలు కట్టి, పాలు, గుడ్డు, మాంసం మాన్పించి గంజినీళ్ళు పట్టేవారు. మన గృహాలలో అమ్మవారి మాట మానుకొన్నాము గాని, ఆ పథ్యాన్ని మానుకోలేదు. జ్వరం దిగిన తరువాత కొందరు బిడ్డలు విరేచనాలతో, న్యుమోనియాతో చిక్కిపోయేవారు. కొందరి కంట పువ్వు మిగిలేది. “కన్ను పోతే పోయింది, ప్రాణం దక్కింది, అదే పదివేలు” అని సరిపెట్టుకొనేవాళ్ళము.

ఎందుకిలా జరిగేది? కంటి పైపొర, ఊపిరితిత్తుల, ప్రేగుల లోపలి పొరలు ఆరోగ్యంగా ఉండటానికి విటమిన్ ఎ అవసరం. తట్టు ఆ పొరలనే దెబ్బతీస్తుంది. జ్వరంలో రక్తంలోని విటమిన్ ఎ పడిపోతుంది. కాలేయంలో ముందే నిల్వ తక్కువైన బిడ్డకు నల్లగుడ్డు ఎండి, మెత్తబడి, చితికిపోవచ్చు. అలాంటి సమయంలో పాలు, గుడ్డు మాన్పించడమంటే ఖాళీ అవుతున్న గాదెకు తాళం వేయడమే.

ఈ సంగతి లోకానికి తెలియక కాదు. 1932లో లండనులో ఎల్లిసన్ అనే వైద్యుడు తట్టు సోకిన 600 మంది పిల్లలను పరిశీలించాడు. విటమిన్ ఎ ఇచ్చిన 300 మందిలో 11 మంది, ఇవ్వని 300 మందిలో 26 మంది మరణించారు. అయినా ఆ మాట ఏండ్ల తరబడి మరుగున పడింది.

కూనూరులో 1918లో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థే నేటి జాతీయ పోషకాహార సంస్థ. దాని కృషి ఆధారంగా 1970లో పిల్లలకు ఆరు నెలలకొకసారి విటమిన్ ఎ ద్రావకం పోసే పథకం దేశంలో ప్రారంభమైంది. తట్టుకు, పోషణ లోపానికి, అంధత్వానికి గల సంబంధాన్ని డాక్టర్ వినోదినీ రెడ్డి, సహచరులు 1986లో ప్రకటించారు. 1987లో ప్రకటించిన టాంజానియా పరీక్ష, 1990లో ప్రకటించిన కేప్‌టౌన్ పరీక్ష ఎల్లిసన్ మాటను బలపరిచాయి. కేప్‌టౌన్ ఆసుపత్రిలో విటమిన్ పొందిన 92 మందిలో ఇద్దరు, పొందని 97 మందిలో పది మంది చనిపోయారు.

నిజం చెప్పవలెనంటే, ఆరోగ్యంగా ఉన్న పిల్లలందరికీ పెద్ద మోతాదు పోయడం వల్ల మరణాలు ఎంత తగ్గుతాయన్నదానిపై పండితులకు ఏకాభిప్రాయం లేదు. 1990లో ప్రకటించిన హైదరాబాదు పరిసర గ్రామాల పరీక్షలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. అదే ఏడు ప్రకటించిన తమిళనాడు పరీక్షలో వారం వారం కొద్ది మోతాదు ఇవ్వగా మరణాలు సగానికి పైగా తగ్గాయి. కాని తట్టు సోకిన బిడ్డకు వరుసగా రెండు రోజులు విటమిన్ ఎ ఇవ్వాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా నిలిచే ఉంది. ఏడాది దాటిన బిడ్డకు రోజుకు 2 లక్షల యూనిట్లు, 6 నుండి 11 నెలల బిడ్డకు లక్ష. మోతాదు మించితే హాని కనుక అది ఆరోగ్య సిబ్బంది చేతిమీదుగానే జరగాలి.

తట్టు టీకా 1985 నుండి దేశ టీకాల కార్యక్రమంలో చేరింది. 2017లో తెలంగాణలో తట్టు-రుబెల్లా టీకా వచ్చింది. తొమ్మిదో నెలలో టీకాతోపాటే విటమిన్ ఎ తొలి మోతాదు పోస్తారు.

కాబట్టి తల్లులారా, తండ్రులారా, టీకా తప్పించకండి. తట్టు వస్తే బిడ్డకు తల్లిపాలు, గుడ్డు, మునగాకు, బొప్పాయి మాన్పించకండి. “కన్ను పోయినా ప్రాణం దక్కింది” అన్న మాట మన ఇళ్ళలో ఇక వినబడకుండుగాక.