యౌవనోదయము: ఒక పరిశోధన చరిత్ర

పదమూడేండ్లు నిండిన పిల్లవాడు నిన్నటివలె నేడుండడు. మాటకు ఎదురుమాట, కారణము లేని కోపము, అర్ధరాత్రి వఱకు మేలుకొనుట, తెల్లవారి లేవకుండుట — వీనిని చూచి పెద్దలు “వయసు పొగరు” అందురు. ఈ మాటలో సగము నిజము కలదు. ఆ వయసు దేహములో ఏమి చేయుచున్నదో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులకు నూటయేబది యేండ్లు పట్టినది. ఆ చరిత్ర ఆఱు కోడిపుంజులతో మొదలైనది.

విత్తులు తీసిన పుంజు మెత్తబడునని రైతులు అనాదిగా ఎఱుగుదురు. దాని తురాయి పెరుగదు, పోరు మానును, పెట్టల వైపు పోదు. మన శ్రోతలలో పుంజును పెంచినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. జర్మనీ దేశమున గొట్టింగెన్ విశ్వవిద్యాలయములో ఆచార్యుడైన ఆర్నాల్డ్ బెర్తోల్డ్ దీనికి కారణము వెదకెను. ఆఱు పుంజుపిల్లలలో రెండింటికి విత్తులు పూర్తిగా తీసివైచెను. తక్కిన నాల్గింటిలో విత్తును స్వస్థానమునుండి వేరుచేసి, కడుపులోనే మఱియొకచోట నాటెను. రెండింటికి తమదియే, రెండింటికి ఒకదానిది ఒకదానికి. మొదటి రెండును మెత్తని పక్షులైనవి. ఈ నాలుగును కూసినవి, పోరినవి, పెట్టల వెంటబడినవి. కోసి చూడగా నాటిన విత్తు ప్రేవునకు అంటుకొని, క్రొత్త రక్తనాళములతో బ్రదికియుండెను; పూర్వపు నాడులతో దానికి సంబంధమే లేదు. విత్తునుండి ఏదియో రక్తములో కలిసి దేహమెల్ల ప్రసరించుచున్నదని ఆయన 1849లో కొద్ది పుటల వ్యాసమున ప్రకటించెను. దాదాపు అరువదియేండ్లు దానిని ఎవరును పట్టించుకొనలేదు. మెండెలుగారి బఠాణీలకు పట్టిన గతియే ఈ పుంజులకును పట్టినది.

1905లో లండనున స్టార్లింగ్ ఇట్టి పదార్థములకు “హార్మోను” అని పేరిడెను. పురికొల్పుట అను అర్థముగల గ్రీకు ధాతువునుండి వచ్చిన పేరు. 1935లో ఆమ్‌స్టర్‌డామున లాక్వూర్ బృందమువారు నూఱు కిలోల ఆబోతు విత్తులనుండి పది మిల్లీగ్రాముల టెస్టోస్టెరోనును వేరుచేసిరి.

ఇంతవఱకు దేహము కథ. మెదడు మాట 1959లో వచ్చినది. అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయమున విలియం యంగ్ బృందమువారు చూలి గినీపందులకు టెస్టోస్టెరోను ఇచ్చిరి. వానికి పుట్టిన ఆడుపిల్లలు పెరిగి పెద్దవైన పిదప ఆడు నడవడి తగ్గి, మగ నడవడి చూపినవి. హార్మోను గర్భమందే మెదడును తీర్చిపెట్టునని దీనివలన తేలినది. యౌవనమున వచ్చు హార్మోను ముందే కట్టిన ఇంట దీపము వెలిగించుట వంటిదని చాలకాలము తలచిరి.

ఈ తలపు సగమే సరియైనదని తేలుటకు మఱి నలువదియైదేండ్లు పట్టినది. 2004లో మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున షెరిల్ సిస్క్ బృందమువారు ఎలుకను పోలిన హామ్‌స్టరు అను జంతువులలో మగవానికి యౌవనకాలమున హార్మోను లేకుండ చేసి, పెద్దవైన పిదప ఇచ్చి చూచిరి. లోటు తీరలేదు, జతకట్టు నడవడి కొఱతగానే నిలిచినది. అదను తప్పిన నాటువలెనే అయినది. యౌవనమున దీపముతోపాటు గోడలుకూడ లేచుచున్నవన్నమాట.

మనుష్యుల బిడ్డలపై ఇట్టి ప్రయోగము చేయరాదు. వారి మెదడును వెలుపలినుండియే చూడవలెను. 1999లో బెథెస్డా పట్టణమున జే గీడ్ మున్నగువారు ఎం.ఆర్.ఐ. యంత్రముతో పిల్లల మెదళ్లను ఏండ్ల తరబడి మరల మరల చిత్రించిరి. నొసటి వెనుక భాగమున బూడిదవన్నె పదార్థము బాలికలలో సుమారు 11వ ఏట, బాలురలో 12వ ఏట గరిష్ఠమై, పిమ్మట తగ్గుట కనబడినది. అక్కరకు రాని నాడీసంబంధములు కత్తిరింపబడుటయు, తంతువులకు పొర ఏర్పడుటయు ఇందుకు కారణములని తలంతురు. నిగ్రహము, ముందుచూపు ఈ భాగపు పనులు. ఇది పక్వమగుట ఇరువదియేండ్లు దాటియు సాగును. అయినను ఈ మార్పులన్నిటిని హార్మోనులకే అంటగట్టుట తొందరపాటని మా అభిప్రాయము. వయస్సును హార్మోనును కలిసియే వచ్చును. ఎవరి వంతు ఎంతో విడదీయుట కష్టము.

నిద్ర విషయమున కొంత స్పష్టత కలదు. 1993లో మేరీ కార్‌స్కాడన్ బృందమువారు ఆఱవ తరగతి పిల్లలను పరిశీలింపగా, ఒకే తరగతివారైనను శరీరపక్వతలో ముందున్నవారు, ముఖ్యముగా బాలికలు, ప్రొద్దుపోయి నిద్రించుటకు మ్రొగ్గుచూపిరి. తరువాత 1996లో మిన్నెసోటా రాష్ట్రమందలి ఎడైనా పట్టణమున ఉన్నతపాఠశాల ప్రొద్దుటి గంటను ఒక గంటకు పైగా వెనుకకు జరిపిరి.