వెలిగారం: కొలిమి నుంచి గాజు దాకా

నాదర్‌గుల్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లినప్పుడు నగల దుకాణాల వెనుక సందుల్లో ఒకసారి నడవండి. తెగిన గొలుసును అతికేముందు అవుసులాయన ఒక తెల్లని గడ్డను తడి రాతిపై అరగదీసి, ఆ ముద్దను అతుకు మీద రాస్తాడు. అదే వెలిగారం. సంస్కృతంలో టంకణం. ‘టంకం వేయడం’ అనే మన మాటలో ఆ పేరు నేటికీ వినిపిస్తుంది.

రసాయనశాస్త్ర చరిత్రలు బోరాన్ కథను సాధారణంగా ఐరోపాతో మొదలుపెడతాయి. 1702లో హోంబెర్గ్ వెలిగారం నుంచి బోరిక్ ఆమ్లాన్ని తీశాడు. 1808లో పారిస్‌లో గేలుసాక్, థెనార్డ్, లండన్‌లో డేవీ బోరాన్ మూలకాన్ని వేరుచేశారు. ఇవి గొప్ప పనులే. కానీ అంతకు ఎన్నో శతాబ్దాల ముందే మన రసశాస్త్ర గ్రంథాలు లోహాలను కరిగించడానికి టంకణాన్ని వాడాయి. చేతిపని వారి జ్ఞానాన్ని విజ్ఞాన చరిత్రలో లెక్కించకపోవడం నా దృష్టిలో పెద్ద లోపం.

ఆ జ్ఞానం ఏమిటో చూడండి. బంగారంలో కలిసిన రాగి, వేడి తగలగానే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నల్లటి పొరగా మారుతుంది. ఆ పొర ఉంటే అతుకు పట్టదు. వెలిగారాన్ని వేడిచేస్తే నీరు పోయి బురబుర పొంగుతుంది. సుమారు 740 డిగ్రీల సెల్సియస్ వద్ద గాజులా కరిగి అతుకంతా పరుచుకుంటుంది. అందులోని బోరిక్ ఆక్సైడ్ ఆ నల్లపొరను తనలో కరిగించుకుంటుంది, గాలిని అడ్డుకుంటుంది.

జవాబు పత్రాలు దిద్దినన్నాళ్లూ నేను చూసిన పొరపాటు ఒకటుంది. వెలిగారం, బోరిక్ ఆమ్లం, బోరిక్ ఆక్సైడ్ ఒకటి కావు. వెలిగారం సోడియం లవణం. క్యారంబోర్డు మీద చల్లే పొడి బోరిక్ ఆమ్లం. దాన్ని బాగా కాలిస్తే నీరు పోయి మిగిలేది బోరిక్ ఆక్సైడ్: రెండు బోరాన్, మూడు ఆక్సిజన్ పరమాణువులు. చల్లారితే అది స్ఫటికంగా కాక గాజుగానే గడ్డకడుతుంది. గాలిలో ఉంచితే తేమ పీల్చి తిరిగి ఆమ్లమవుతుంది.

ఒకప్పుడు వెలిగారం టిబెట్ సరస్సుల ఒడ్డు నుంచి వచ్చేది. గొర్రెలు, మేకల వీపులపై చిన్న సంచుల్లో హిమాలయ కనుమలు దాటేది. ఐరోపాలో దాన్ని శుద్ధిచేసే విద్యను వెనిస్ వర్తకులు చాలాకాలం గుట్టుగా ఉంచారు. 1827లో ఇటలీలోని టస్కనీలో లార్డెరెల్ కట్టెలకు బదులు భూగర్భ ఆవిరితోనే నీటిని ఇగిర్చి బోరిక్ ఆమ్లం తీయసాగాడు. 1880లలో కాలిఫోర్నియా నిల్వలు తోడయ్యాయి. కనుమల దారిన సాగిన వ్యాపారం వాటి ధరకు తట్టుకోలేకపోయింది.

ఐరోపాలో గిరాకీని పెంచినవాటిలో గాజు ముఖ్యం. జర్మనీలోని యేనాలో ఒట్టో షాట్ ఇసుకకు బోరిక్ ఆక్సైడ్ కలిపి, వేడికి పగలని గాజు చేశాడు. 1915లో అమెరికాలో పైరెక్స్ వచ్చింది. ఇందులో బోరిక్ ఆక్సైడ్ సుమారు 13 శాతం. వేడికి ఇది వ్యాకోచించేది మామూలు గాజులో మూడో వంతే. మీ అధ్యయన కేంద్రంలోని బీకరు ఈ గాజుదే. టీకా మందుల సీసాలకూ ఈ జాతి గాజునే ఎక్కువగా వాడతారు, మందులోకి క్షారం ఊరదు కనుక.

లడఖ్‌లోని పూగా లోయలో మనకు కొంత వెలిగారం ఉంది. అయినా బోరాన్ ఖనిజాలను మనం టర్కీ, అమెరికా వంటి దేశాల నుంచి తెప్పించుకుంటున్నాం. అవుసులాయన కుంపటి పోయి గ్యాస్ మంట వచ్చింది. రాతిపై అరగదీసే గడ్డ మాత్రం ఇప్పుడు ఓడెక్కి వస్తోంది.